ల్యాప్‌టాప్‌కి ఏ సిమ్ తీసుకోవాలి? జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లలో మీకు పనికొచ్చేది ఎంచుకోవడం ఎలా

భోగి రోజు సాయంత్రం మా పక్కింటి అమ్మాయి ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని పిట్టగోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్ గారూ, మీ హాట్‌స్పాట్ ఒక్కసారి ఆన్ చేస్తారా అండీ? ఇంటర్వ్యూ మధ్యలో ఆగిపోయింది." తన ఫోన్ నాకు చూపించింది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. పక్కన 5జీ అని కూడా ఉంది. కానీ అవతలి వాళ్లకి ఈ పిల్ల మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. నా ఫోన్‌లో ఉన్నది వేరే కంపెనీ సిమ్, 4జీ, రెండే గీతలు. దాని మీదే ఆ ఇంటర్వ్యూ చివరిదాకా సాగింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మాది కోనసీమలో చిన్న ఊరు. పండక్కి ప్రతి ఇంటికీ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఇద్దరు ముగ్గురు దిగుతారు. అందరి చేతుల్లోనూ దాదాపు అదే కంపెనీ సిమ్. అందరూ కోడిపందేల వీడియోలు పంపుకుంటున్నారు. మామూలు రోజుల్లో మూడొందల మందికి సర్దుకునే టవర్ మీద ఆ పూట అంతకు ఎన్నో రెట్ల మంది పడ్డారు. గీతలు నిండుగా ఉన్నాయంటే టవర్ మాట మీకు బాగా వినిపిస్తోందని మాత్రమే అర్థం. ఆ టవర్‌కి మీ కోసం తీరిక ఉందో లేదో గీతలు చెప్పవు.

అందుకే "ల్యాప్‌టాప్‌కి ఏ సిమ్ మంచిదండీ?" అని ఎవరడిగినా నేను కంపెనీ పేరు చెప్పను. మీరు ఎక్కడ కూర్చుని పనిచేస్తారు, ఏ టైమ్‌లో చేస్తారు, ఏ పని చేస్తారు అని అడుగుతాను. ఈ మూడింటికీ జవాబు దొరికితే సిమ్ దానంతటదే తేలుతుంది.

ఫోన్‌కి సరిపోయే సిమ్ ల్యాప్‌టాప్‌కి ఎందుకు సరిపోదు

ఫోన్‌లో వీడియో చూసేటప్పుడు నెట్ రెండు సెకన్లు ఆగినా మనకి తెలియదు, ముందే కొంత లోడ్ అయి ఉంటుంది. మీటింగ్‌లో ఆ రెండు సెకన్లు ఆగితే మీ మాట పోయినట్టే. ఫోన్‌లో మనం ఎక్కువగా దించుకుంటాం. ల్యాప్‌టాప్‌లో ఎక్కించే పని ఎక్కువ. మీ ముఖం, మీ గొంతు, మీ స్క్రీన్, మీ ఫైళ్లు అన్నీ మీ దగ్గర నుంచి పైకి వెళ్లాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 80 ఎంబీపీఎస్ చూసి సంతోషపడతారు, కింద చిన్నగా ఉన్న అప్‌లోడ్ 0.6 అంకె చూడరు. టవర్ పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మీ ఫోన్ సాధారణంగా 0.2 వాట్ల దగ్గర ఆగిపోతుంది. దూరంగా ఉన్నప్పుడు దాని కేక మీకు వినిపిస్తుంది, మీ గుసగుస దానికి చేరదు. దీనికి తోడు, 4జీలో 2300 మెగాహెర్ట్జ్, 5జీలో 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో, అంటే సిగ్నల్ నడిచే రేడియో తరంగాల వరుసల్లో, దించడానికీ ఎక్కించడానికీ ఒకే దారి. సమయాన్ని వంతులేసి పంచుతారు, అందులో పెద్ద వంతు దించడానికే ఇస్తారు.

ఇక డేటా సంగతి. వీడియో మీటింగ్ గంటకు సుమారు ఒక జీబీ తింటుంది. కెమెరా ఆపేసి మాట మాత్రమే ఉంచితే అందులో పదో వంతు కూడా అవ్వదు. ఫోన్ స్క్రీన్ మీద 480పీలో చూసే పాఠాన్ని ల్యాప్‌టాప్‌లో 1080పీలో చూస్తాం. రెండు మూడు రెట్ల డేటా అక్కడే పోతుంది. ఇవి కాక మనం అడగకుండానే జరిగేవి ఉన్నాయి. విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, ఫొటోల బ్యాకప్. రోజుకు 2 జీబీ ప్లాన్ వేసుకుని పొద్దున తొమ్మిదింటికి హాట్‌స్పాట్ ఆన్ చేస్తే, పది కాకుండానే "మీ డేటా అయిపోయింది" అని మెసేజ్ రావడం నేను కళ్లారా చూశాను.

కోటా అయిపోయాక మిగిలే వేగం సాధారణంగా 64 కేబీపీఎస్. లెక్క వేయండి: ఒక్క ఎంబీ ఫైల్‌కి రెండు నిమిషాలకు పైనే పడుతుంది. ఐదు ఎంబీ ఉన్న రెజ్యూమే పీడీఎఫ్ పంపడానికి పది నిమిషాలు. ఆ వేగంతో పని నడవదు.

మూడు రోజుల పరీక్ష

సిమ్ కొనేముందు ఈ ఒక్క పని చేయండి. చేసినవాళ్లెవరూ తర్వాత బాధపడటం నేను చూడలేదు.

మీ ఇంట్లో, చుట్టుపక్కల వాళ్లలో తలా ఒక కంపెనీ సిమ్ ఉంటుంది. అత్తయ్యది ఒకటి, ఎదురింటాయనది ఒకటి. ఒక్కో ఫోన్ అరగంట అడిగి తీసుకోండి. మీరు నిజంగా కూర్చునే కుర్చీ దగ్గరే, ఆ గదిలోనే ల్యాప్‌టాప్‌కి కలపండి. వీధి అరుగు మీద టెస్ట్ చేసి లోపల గదిలో పనిచేస్తే ఆ టెస్ట్ లెక్కలోకి రాదు. పెంకుటింట్లో వచ్చే సిగ్నల్ పక్కనే ఉన్న స్లాబ్ ఇంట్లో సగం కూడా రాదు. మాలాగా చుట్టూ కొబ్బరితోటలుంటే వానాకాలంలో తడిసిన ఆకులు కూడా కొంత తినేస్తాయి.

రోజుకు మూడుసార్లు చూడాలి. పొద్దున 10 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు, రాత్రి 9 గంటలకు. రాత్రి 9 చాలా ముఖ్యం. ఊరంతా అన్నం తిని ఫోన్ పట్టుకునే వేళ అది. అప్పుడు నిలబడిన సిమ్ మిగతా వేళల్లోనూ నిలబడుతుంది. అమెరికా షిఫ్ట్ చేసేవాళ్లకి ఇందులో ఒక మెలిక ఉంది. రాత్రి 11 దాటాక టవర్లు ఖాళీ అయిపోతాయి, పగలు పనికిరాని సిమ్ కూడా అప్పుడు బ్రహ్మాండంగా పరుగెడుతుంది. కానీ మీ మొదటి మీటింగ్ సాయంత్రం 7 గంటలకో 8 గంటలకో ఉంటే సరిగ్గా రద్దీ మధ్యలో ఇరుక్కుంటారు. కాబట్టి మీ షిఫ్ట్ మొదలయ్యే గంటలోనే టెస్ట్ చేయండి.

చూడాల్సింది స్పీడ్ ఒక్కటే కాదు. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8 వేసి, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, టి అక్షరం కొట్టండి. వరసగా టైమ్ అని అంకెలు వస్తూ ఉంటాయి, మీ సందేశం వెళ్లి జవాబు రావడానికి పట్టిన మిల్లీసెకన్లు అవి. ఐదు నిమిషాలు వదిలేయండి. 30 నుంచి 60 మధ్య నిలకడగా వస్తే ఆ సిమ్ మీద కళ్లు మూసుకుని మీటింగ్‌లో కూర్చోవచ్చు. 40, 45, ఒక్కసారిగా 900, మళ్లీ 50 ఇలా ఎగిరెగిరి పడుతుంటే డౌన్‌లోడ్ వంద ఉన్నా మాట తెగుతుంది. మధ్యమధ్యలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని పడితే, వందకు రెండు మూడు దాటిన దగ్గర్నుంచి ఆ సిమ్ మీటింగ్‌లకి వద్దు. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగుతుంది, కింద మొత్తం లెక్క కూడా చూపిస్తుంది. ఒక కాగితం మీద కంపెనీ, టైమ్, డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ రాసుకోండి. మూడు రోజులకి ఆ కాగితమే మీకు జవాబు చెప్తుంది.

గీతల్ని నమ్మకుండా అసలు సిగ్నల్ ఎంతుందో చూడాలంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డయలర్‌లో *#*#4636#*#* కొట్టి ఫోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లండి. మైనస్ అంకె ఒకటి కనిపిస్తుంది, మైనస్ పక్కనున్న అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత బాగున్నట్టు. మైనస్ 85 లోపు ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 దాకా పని నడుస్తుంది, మైనస్ 110 దాటితే ఎక్కించే వేగం పడిపోవడం ఖాయం. ఫోన్‌ని కిటికీ దగ్గరికి జరిపి చూడండి, మేడ మీదికి తీసుకెళ్లి చూడండి. మా ఇంట్లో వంటింటి పెరటి కిటికీకీ ముందు గదికీ మధ్య 17 తేడా ఉంది. సిగ్నల్ పరంగా అది రెండు వేరువేరు ఊళ్ల మధ్య ఉన్నంత తేడా.

నలుగురు అడిగేవాళ్లు లేకపోతే? టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశాల మీద కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజ్ మ్యాపులు పెట్టాయి. అవి ఇంటి బయట సిగ్నల్ గురించే చెప్తాయి కాబట్టి మొదటి వడపోతకి వాడుకోండి, ఆఖరి నిర్ణయానికి కాదు.

నాలుగు కంపెనీలు, నా అంచనా

జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైనప్పుడే 2జీ, 3జీ లేకుండా నేరుగా 4జీతో వచ్చింది. పల్లెల్లో ఈ రోజుకీ ఎక్కువ చోట్ల ముందుగా దొరికేది అదే. 2022 స్పెక్ట్రమ్ వేలంలో 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కొన్న ప్రైవేటు కంపెనీ జియో ఒక్కటే. తక్కువ ఫ్రీక్వెన్సీ గోడల్లోంచి బాగా దూరుతుంది, దూరం కూడా వెళ్తుంది. అందువల్ల ఇంటి లోపల గదుల్లో కూడా 5జీ గుర్తు కనిపిస్తుంది. అయితే ఆ బ్యాండ్ వెడల్పు తక్కువ, 5జీ అని చూపించినా వేగం 4జీలాగే ఉండొచ్చు. చిక్కల్లా రద్దీతోనే. ఎక్కువ మంది వాడే సిమ్ ఏదైతే, సాయంత్రం కూలబడేది అదే.

ఎయిర్‌టెల్ 5జీని 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. చాలా చోట్ల అది 4జీని ఆసరాగా పట్టుకుని నడిచే పద్ధతి. అంటే మీ దగ్గర ఎయిర్‌టెల్ 4జీ గట్టిగా ఉంటేనే 5జీ కూడా బాగుంటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల పగటి మీటింగ్‌లకి నేను చూసినంతలో పింగ్ నిలకడగా ఉండేది దీంట్లోనే. ఇది నా అనుభవం, మీ వీధిలో తిరగబడొచ్చు.

వీఐ అంటే వొడాఫోన్, ఐడియా 2018లో కలిసి ఒక్కటైన కంపెనీ. ఒకప్పుడు మన దగ్గర ఐడియా సిమ్ లేని ఇల్లు ఉండేది కాదు. 5జీ విషయంలో వెనకబడింది, 2025 మార్చిలో ముంబైతో మొదలుపెట్టింది. పల్లెల్లో దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పలేను. కానీ ల్యాప్‌టాప్ వాడేవాళ్లు దీన్ని కొట్టిపారేయడం తొందరపాటు. చాలా ప్లాన్లలో రాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా వాడిన డేటా కోటాలోంచి పోదు, వారంలో మిగిలిన డేటా శని, ఆదివారాలకి బదిలీ అవుతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్లు, అప్‌డేట్లు, కోర్సు వీడియోలు రాత్రి దించి పెట్టుకునే విద్యార్థికి ఇది నిజమైన లాభం. రీఛార్జ్ చేసేముందు ఆ ప్లాన్‌లో ఈ రెండూ ఉన్నాయో లేదో చదువుకోండి. రద్దీ తక్కువ కావడం వల్ల పట్టణాల్లో కొన్ని వీధుల్లో 4జీ మీదే మంచి వేగం వస్తుంది కూడా.

బీఎస్ఎన్ఎల్. దీని మీద నాకు అభిమానం ఉంది, అయినా ఉన్నదున్నట్టు చెప్తాను. 2024 జూలైలో మిగతా మూడు కంపెనీలూ రేట్లు పెంచినప్పుడు ఇది పెంచలేదు, చాలామంది ఇటు మారారు. దేశంలోనే తయారైన పరికరాలతో కట్టిన 4జీ నెట్‌వర్క్‌ని 2025 సెప్టెంబర్‌లో అధికారికంగా ప్రారంభించారు. మన్యంలో, ప్రైవేటు కంపెనీలు అడుగుపెట్టని కొన్ని గూడేల్లో దొరికేది ఇదొక్కటే. మైదానంలో మాత్రం వేగం టవర్‌కీ టవర్‌కీ బాగా మారిపోతుంది. ఒక జాగ్రత్త: దీని 4జీ చాలావరకు 700, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్ల మీద వస్తుంది. పాత 4జీ ఫోన్లలో, ల్యాప్‌టాప్‌కి గుచ్చే నెట్ డాంగిల్స్‌లో 700 అంటే బ్యాండ్ 28 ఉండకపోవచ్చు. సిమ్ వేసి "సిగ్నల్ లేదు" అనుకునే ముందు ఫోన్ స్పెసిఫికేషన్లలో ఆ బ్యాండ్ ఉందో చూడండి. తప్పు చాలాసార్లు ఫోన్‌దే అవుతుంది.

ఎవరికి ఏది అని నన్ను బలవంతం చేస్తే ఇలా అంటాను. నగరంలో ఉండి రోజూ మీటింగ్‌లుంటే ఎయిర్‌టెల్, జియోల్లో పింగ్ టెస్ట్ గెలిచింది తీసుకోండి. పల్లెలో ఉంటే జియోతో మొదలుపెట్టి రాత్రి 9 టెస్ట్ చేయండి, అది నిలబడకపోతే ఎయిర్‌టెల్ చూడండి. డబ్బు ఇబ్బంది ఉన్న విద్యార్థి, లైవ్ క్లాసుల కంటే రికార్డు చేసినవి చూసేవాళ్లయితే వీఐ రాత్రి డేటా, లేదా మీ ఊళ్లో 4జీ వచ్చి ఉంటే బీఎస్ఎన్ఎల్. ఊరూరా తిరిగే ఉద్యోగమైతే ఒక సిమ్ చాలదు, దాని గురించి కింద చెప్తాను.

అన్‌లిమిటెడ్ 5జీ అనే మాట

2024 జూలై నుంచి జియో, ఎయిర్‌టెల్‌లలో అన్‌లిమిటెడ్ 5జీ రోజుకు 2 జీబీ, ఆపైన ఉండే ప్లాన్లకే పెట్టారు. 1.5 జీబీ ప్లాన్ వేసుకుని 5జీ ఫోన్ ఉంది కదా అనుకుంటే కుదరదు. రెండోది, ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే అది అన్‌లిమిటెడ్. గదిలో 5జీ పలచగా ఉంటే ఫోన్ మీకు చెప్పకుండా 4జీకి జారుతుంది, ఆ క్షణం నుంచి రోజువారీ కోటా కరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో పెద్ద ఫైల్ దిగుతుంటే పావుగంట చాలు కోటా ఖాళీ అవడానికి. మూడోది, అన్‌లిమిటెడ్ డేటాని హాట్‌స్పాట్ మీద, వ్యాపార పనులకి ఎంతవరకు వాడనిస్తారో ప్లాన్ షరతుల్లో రాసి ఉంటుంది. ఆ నాలుగు లైన్లు చదివాకే డబ్బు కట్టండి.

ఇంకో చిన్న విషయం. నెలకు ఇన్ని జీబీలని మొత్తంగా ఇచ్చే ప్లాన్లు కూడా ఉంటాయి, పోస్ట్‌పెయిడ్‌లో ఎక్కువ. వారంలో రెండు రోజులే ల్యాప్‌టాప్ పని ఉండేవాళ్లకి రోజుకు 2 జీబీ ప్లాన్ కంటే అదే లాభం. వాడని రోజు డేటా రాత్రి 12కి మురిగిపోదు కదా.

హాట్‌స్పాటా, కేబులా, డాంగిలా

ఒకప్పుడు ల్యాప్‌టాప్ నెట్ అంటే టాటా ఫోటాన్, రిలయన్స్ నెట్‌కనెక్ట్, బీఎస్ఎన్ఎల్ ఈవీడీఓ డాంగిల్సే. పెన్‌డ్రైవ్‌లా గుచ్చితే అదో వేడుక. ఇప్పుడు ఫోనే డాంగిల్. అయినా ఎలా కలిపామన్న దాని మీద సగం ఫలితం ఆధారపడుతుంది.

మీటింగ్‌లకి నా ఓటు యూఎస్‌బీ టెథరింగ్‌కే. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడమే. వైఫై గొడవ ఉండదు, పింగ్ తగ్గుతుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది. కేబుల్ కాస్త పొడవుది కొనండి, ఫోన్‌ని కిటికీ గడప మీద పెట్టి మీరు లోపల కూర్చోవచ్చు. ఫోన్ ఎక్కడుంటే సిగ్నల్ అక్కడ, ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకోవాలన్న రూలేమీ లేదు. సిగ్నల్ మేడ మీదే ఉంటే వైఫై హాట్‌స్పాట్ తప్పదు. గోడ అడ్డుంటే హాట్‌స్పాట్ బ్యాండ్ 2.4 పెట్టండి, ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టండి. ఫోన్ కవర్ తీసేసి నీడలో ఉంచండి. వేడెక్కిన ఫోన్ వేగం తానే తగ్గించుకుంటుంది, రోజంతా ఎండలో ఛార్జింగ్ పెట్టి వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది.

ఇప్పుడు చాలామందికి అంతుపట్టని చిక్కు ఒకటి. మీటింగ్ నడుస్తుండగా నెట్ చటుక్కున ఆగిపోయి ఐదు నిమిషాలకి దానంతటదే వస్తుంటే, ఆ ఐదు నిమిషాలూ మీరు ఫోన్ మాట్లాడారేమో గుర్తు తెచ్చుకోండి. రెండు సిమ్‌ల ఫోన్లలో ఎక్కువ వాటిలో, రెండో సిమ్ మీద కాల్ ఎత్తితే మొదటి సిమ్ డేటా ఆగుతుంది. సెట్టింగ్స్‌లో "కాల్స్ సమయంలో డేటా" అనే స్విచ్ ఉంటే ఆన్ చేయండి. 4జీ మీదే కాల్ నడిపే వోల్టీ కూడా ఆన్‌లో ఉండాలి, లేకపోతే కాల్ రాగానే ఫోన్ 2జీకి దిగి డేటా తెగుతుంది. నేనైతే ఇంట్లో పడున్న పాత 4జీ ఫోన్‌లో డేటా సిమ్ ఒక్కటే వేసి, దాని నంబర్ ఎవరికీ ఇవ్వకుండా, ల్యాప్‌టాప్‌కే అంకితం చేశాను. కాల్స్ రావు, నోటిఫికేషన్లు రావు. దానికి నేను పెట్టిన ఖర్చు కేబుల్ డబ్బులే.

సిమ్ వేసుకునే 4జీ రౌటర్లు కూడా దొరుకుతాయి. యాంటెన్నా బయటికి ఉండే రకం పల్లెటూరి ఇంటికి బాగా పనికొస్తుంది, బ్యాక్‌ప్యాక్‌లో వేసుకుని తిరిగేవాళ్లకి కాదు. డాంగిల్ గానీ రౌటర్ గానీ కొంటే "అన్ని సిమ్‌లకి పనిచేస్తుందా" అని అడిగి, షాపులోనే వేరే కంపెనీ సిమ్ వేయించి చూడండి. ఒకే కంపెనీకి లాక్ చేసినవి చవగ్గా అమ్ముతారు. నేను ఒకసారి అలా కొని, సిమ్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆ పెట్టెని అటక మీద పెట్టాల్సి వచ్చింది.

కొన్ని ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో సిమ్ స్లాటో ఈసిమ్మో లోపలే ఉంటుంది. రోజూ రైల్లో, క్యాబ్‌లో పనిచేసే మార్కెటింగ్ వాళ్లకి సుఖం. మిగతావాళ్లు దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇల్లు కదలని పనైతే ఈ గొడవంతా వదిలి ఫైబర్ పెట్టించుకోండి. ఏపీ ఫైబర్‌నెట్ అయినా, ఊళ్లో కేబుల్ ఆయన ఇచ్చేదైనా, మీటింగ్‌లకి సిమ్ కంటే మేలు. ఎయిర్‌ఫైబర్ అని ఇచ్చేది కూడా ఎక్కువగా 5జీ టవర్ మీదే నడుస్తుంది, పైగా దాన్ని ఒక అడ్రస్‌కి కట్టేస్తారు.

ల్యాప్‌టాప్‌కి చెప్పాల్సిన మాట

సిమ్ ఏదైనా ఈ సెట్టింగ్ మర్చిపోవద్దు. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మీరు కలిపిన హాట్‌స్పాట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి. అప్పుడు పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. మ్యాక్‌లో "లో డేటా మోడ్" అని ఉంటుంది. డ్రైవ్ సింక్‌ని పాజ్ చేయండి. కేబుల్‌తో కలిపినప్పుడు విండోస్ దాన్ని వేరే కనెక్షన్‌గా చూస్తుంది కాబట్టి ఎథర్నెట్ కింద కూడా మళ్లీ ఇదే పెట్టాలి. ఇది తెలియక మా తమ్ముడు ఒక నెలంతా రోజూ మధ్యాహ్నానికే యాడ్ఆన్ డేటా కొన్నాడు.

ఆఫీస్ వీపీఎన్, అంటే ఇంటి నుంచి ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్లే భద్రమైన దారి, వాడేవాళ్లు మరో టెస్ట్ చేయాలి. మొబైల్ నెట్‌వర్క్‌లో వందల మందికి కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తారు. కొన్ని పాత వీపీఎన్‌లకి ఇది పడదు. స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా ఉన్నా ఆఫీస్ పోర్టల్ తెరుచుకోదు. అప్పు తెచ్చిన సిమ్‌తోనే ఒకసారి వీపీఎన్ కలిపి, గంటసేపు పని చేసి చూడండి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఈ సంగతి తెలిస్తే పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

రెండో సిమ్ ఉండాలి, అదీ వేరే స్తంభం మీదది

పరీక్ష ఉన్నా, ఇంటర్వ్యూ ఉన్నా, ఇంటి నుంచి ఉద్యోగమున్నా రెండో సిమ్ పెట్టుకోండి. అయితే రెండో సిమ్ అనగానే ఏదో ఒకటి కాదు. ఎయిర్‌టెల్, వీఐ పరికరాలు చాలా చోట్ల ఇండస్ టవర్స్ వాళ్ల ఒకే స్తంభం మీద ఉంటాయి. అక్కడ కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే రెండూ కలిసే పోతాయి. అందుకని ఎయిర్‌టెల్‌కి తోడు జియోనో బీఎస్ఎన్ఎల్‌నో పెట్టుకోవడం మేలు. తుఫాను ప్రాంతాల వాళ్లకి ఇది బాగా తెలుసు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఫోన్లు మూగబోయి జనం ఎంత అల్లాడిపోయారో చూసినవాళ్లు మర్చిపోరు.

తోడు సిమ్‌కి పెద్ద ప్లాన్ అక్కర్లేదు. చిన్న బేస్ ప్లాన్ వేసి, అవసరమైన రోజు డేటా యాడ్ఆన్ వేసుకోండి. యాడ్ఆన్ ఒక్కటే వేస్తే చాలా ప్లాన్లలో పనిచేయదు, కింద బేస్ ప్లాన్ బతికుండాలి. 90 రోజులు అసలు వాడకుండా వదిలేస్తే నంబర్ పోయే ప్రమాదం ఉంది, నెలకోసారైనా దాంతో ఒక కాల్ చేయండి.

తిరిగే ఉద్యోగాల వాళ్లు రెండు సిమ్‌లున్నా కొన్ని దారుల మీద ఆశ పెట్టుకోవద్దు. నల్లమలలో శ్రీశైలం దారి, మారేడుమిల్లి ఘాట్, సొరంగాలున్న అరకు రైలు మార్గం. అక్కడికి బయలుదేరే ముందు కావాల్సిన ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో దించుకోండి, మీటింగ్ ఆ గంటల్లో పెట్టుకోకండి.

మారాలనుకుంటే

నంబర్ పోర్ట్ చేయడానికి, అంటే అదే నంబర్‌తో కంపెనీ మారడానికి, తొందరపడకండి. ముందు కొత్త కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ వేరే నంబర్‌తో తీసుకుని ఒక నెల ల్యాప్‌టాప్‌కి వాడి చూడండి. ల్యాప్‌టాప్ సిమ్‌కి నంబర్ ఏదైతే ఏముంది, పాత నంబర్ బ్యాంకులకీ ఆధార్‌కీ ఉండనివ్వండి. ఫోన్ కూడా అదే కంపెనీకి మార్చాలనిపిస్తే అప్పుడు పోర్ట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ వదిలి మీ పది అంకెల నంబర్ కొట్టి 1900కి మెసేజ్ పంపండి. వచ్చిన కోడ్ నాలుగు రోజులు చెల్లుతుంది. ఇప్పుడున్న కంపెనీలో కనీసం 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు బాకీ ఉండకూడదు. ఈ మధ్యనే సిమ్ మార్చుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి. ఆంధ్ర, తెలంగాణ రెండూ ఇప్పటికీ ఒకే టెలికం సర్కిల్ కాబట్టి కరీంనగర్‌లో తీసుకున్న నంబర్‌ని కాకినాడలో మార్చుకున్నా మూడు పని దినాల్లో అయిపోతుంది. చెన్నై, బెంగళూరు నంబర్లయితే ఐదు. ఆ మధ్యలో కొన్ని గంటలు నంబర్ పనిచేయదు, ఓటీపీలు రావు. ఫీజు కట్టాల్సిన రోజు, ఇంటర్వ్యూ ఉన్న రోజు పోర్ట్ పెట్టుకోకండి.

మా పక్కింటి అమ్మాయి పండగ అయ్యాక కాగితం మీద మూడు రోజుల లెక్క రాసుకొచ్చింది. తన సిమ్ పగలంతా బాగానే ఉంది, రాత్రి 9కి అప్‌లోడ్ 0.4. నా కంపెనీ సిమ్ రాత్రి కూడా 3 దగ్గర నిలబడింది. తన నంబర్ అలాగే ఉంచుకుని, నాన్న పాత ఫోన్‌లో రెండో సిమ్ వేసి పెరటి కిటికీలో పెట్టింది. ఇప్పుడు పొద్దున తొమ్మిదింటికి గోడ అవతల నుంచి "గుడ్ మార్నింగ్, ఆమ్ ఐ ఆడిబుల్?" అని తన గొంతు వినిపిస్తుంది. ఆ తర్వాత మాట ఎక్కడా ఆగకుండా సాగుతుంది.